గట్టు దగ్గరి లోతు

టపాకాయ పేలిన చప్పుడు ఫోనులోంచి వచ్చింది. నేను పప్పుకి తాలింపు పెడుతున్నాను. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో ఫోను. మా పెద్దమ్మాయి క్లాసు గ్రూపులో టీచరు వీడియో పెట్టింది. నాలుగో తరగతి ఎ సెక్షను పిల్లలు ఒక చేపల చెరువులో పడవ మీద నిలబడి గూడబాతుల్ని చూస్తున్నారు. ఎండ తెల్లగా కాస్తోంది. "మమ్మీ డాడీలకి హాయ్ చెప్పండర్రా" అని టీచరు గొంతు. పిల్లలు చేతులూపుతున్నారు. అంతలో పక్క చెరువు గట్టు మీద ఎవరో పిట్టల్ని తోలడానికి టపాకాయ కాల్చారు. గూడబాతులన్నీ ఒక్కసారే లేచాయి. అవి ఎటు లేచాయో పిల్లలందరూ అటే జరిగారు. పడవ అంచు ఒరిగి నీళ్ళకి ఆనింది. వెనకాల ఉన్న పడవ మనిషి పడవ తోసే వెదురు గెడ వదిలేసి, చేతికందిన ఇద్దరు పిల్లల చొక్కాలు పట్టుకున్నాడు. వీడియో అక్కడితో ఆగిపోయింది.

నాకు భయం వేసింది పడవ ఒరిగినందుకు కాదు. అతను గెడ వదిలేసినందుకు. నేను పుట్టి పెరిగింది కొల్లేటి అంచు పల్లెలో. పడవ నడిపేవాడు చేతిలో గెడ వదిలెయ్యడం నేను ఎప్పుడూ చూడలేదు. గెడ ఉంటే పడవ అతని మాట వింటుంది. వదిలేశాడంటే ఆ క్షణాన పడవ సంగతి ఇక తన చేతిలో లేదనుకున్నాడన్నమాట.

పోపు మాడిపోయి ఇల్లంతా పొగ కమ్మింది.

వీడియో కింద టీచరు ఎప్పటిలాగే ఆ వారం కబుర్లు రాసింది. ఈ వారం మా పాఠం మన కొల్లేరు, మన పక్షులు. ఎ సెక్షను పిల్లలు ఎంతో ఆనందించారు. వచ్చే శనివారం బి సెక్షను వంతు. టోపీ, నీళ్ళ సీసా మరచిపోవద్దు. దాని కింద వరసగా చప్పట్లు, దండాలు, గులాబీలు. మా పెద్దది బి సెక్షను.

బడికి నేను విరోధిని కాను. ఆకివీడులో ఆ బడి పెట్టినప్పటి నుంచి అందరికంటే ముందు ఆ కబుర్లు చదివేదాన్ని నేనే. ఉంగుటూరు వైపు తీసుకెళ్ళి వరికోతలు చూపించారు, పెదవేగి తీసుకెళ్ళి పామాయిల్ గెలలు ఎలా కోస్తారో చూపించారు. రెండుసార్లూ మెచ్చుకుంటూ రాశాను. ఏలూరులో డిగ్రీ చదివిన నాకు ఆ రోజుల్లో ఎవరూ ఏదీ చూపించలేదు. పుస్తకం చూపించారు, అంతే. నా పిల్లలకి నీళ్ళూ పక్షులూ పొలాలూ పాఠాలవుతున్నాయంటే సంతోషమే.

వీడియో మళ్ళీ మొదటినుంచి పెట్టి చూశాను. ఈసారి పడవ ఎక్కకముందు ముక్క చూశాను. మొదటిసారి దాన్ని దాటేశాను, అందులో ఏమీ లేదనుకుని. పిల్లల్ని చెరువు గట్టు అంచున వరసగా నిలబెట్టారు. కొందరు కూర్చుని నీళ్ళలోకి కాళ్ళు వేలాడేశారు. టీచరు వాళ్ళతో గట్టు పక్కనే ఉండండమ్మా, లోపలికి వెళ్ళకండి అంటోంది.

ఆ మాట దగ్గర వీడియో ఆపేశాను.

ఈ ప్రాంతం కాని వాళ్ళకి చెబితేగాని తెలియదు. చేపల చెరువుకి గట్టు వెయ్యాలంటే మట్టి కావాలి. ఆ మట్టిని బయటినుంచి తేరు. గట్టు వెంబడే, చెరువు లోపలి వైపు తవ్వి పైకి పోస్తారు. అందుకే మా చెరువులకి నడిమధ్యలో నడుంలోతు నీళ్ళుంటాయి, గట్టు పక్కన మనిషి మునిగే లోతుంటుంది. పైనుంచి చూస్తే నీళ్ళు అంతా ఒకేలా ఉంటాయి. గట్టు లోపలి వాలు పాచి పట్టి సబ్బులా జారుతుంది. మా అమ్మ మమ్మల్ని చెరువు దగ్గరికి పంపిస్తూ ఒకటే చెప్పేది. మధ్యలో పడితే లేచి నిలబడతావు, గట్టు దగ్గర పడితే గట్టుని చూస్తూనే పోతావు అని. మా ఇంటి లేగదూడ అలాగే పోయింది. గట్టు చేతికందే దూరంలో ఉంది. అయినా పోయింది.

ఆ టీచరు తాడేపల్లిగూడెం నుంచి రోజూ బస్సులో వస్తుంది. గోదావరి కాలువల దగ్గర పుట్టిన పిల్ల. అక్కడ ఒడ్డంటే క్షేమం. ఆమె తన పిల్లల్ని క్షేమమైన చోట నిలబెట్టాననుకుంది.

గ్రూపులో రాశాను. చాలాసార్లు దిద్ది, ఎవరి పేరూ ఎత్తకుండా, మర్యాదగానే రాశాను. టీచర్ గారూ, పడవలో పిల్లలకి లైఫ్ జాకెట్లు కనపడలేదు, అందరూ నిలబడ్డారు, గట్టు అంచున లోతు ఎక్కువ ఉంటుంది, శనివారానికి ఏం ఏర్పాట్లు చేస్తున్నారో చెప్పగలరా అని.

మొదటి జవాబు ఒక తండ్రిది. మా వంశం దోనెల మీదే పుట్టిందండీ, మాకు జాకెట్లు ఎవరూ తొడగలేదు అన్నాడు. తర్వాత ఇంకొకాయన నడుంలోతు నీళ్ళకి జాకెట్లేమిటండీ బాబూ అన్నాడు. ఒకావిడ రాసింది: "అయితే ఇకనుంచి పిల్లలకి స్నానం కూడా మానిపించండి. బకెట్లో కూడా నీళ్ళే ఉంటాయి కదండీ." దానికి నవ్వుతూ కన్నీళ్ళు కారుస్తున్న బొమ్మలు ఎన్ని పడ్డాయో. మొన్నామధ్య బడి బస్సు కాస్త ఆలస్యమైతే ఈవిడే కదా గ్రూపంతా కదిలించింది అని ఎవరో గుర్తుచేశారు. ఆవిడకి తన నీడ చూసినా భయమే అని ఇంకెవరో ముగించారు.

నేను భయస్థురాలిననే పేరు నిజమే. అబద్ధమాడను. బస్సు ఆలస్యమైనా, పిల్లకి తుమ్ము వచ్చినా నాకు గుండె దడే. అలాంటి మనిషికి వచ్చే చిక్కేమిటంటే, నిజంగా భయపడాల్సినది వచ్చిన రోజున ఆమె మాట ఎవరూ వినరు.

మా ఆయన భోజనానికి వచ్చాక వీడియో చూపించాను. ఆయన చేపల ప్యాకింగు షెడ్డులో సూపర్వైజరు. పడవ చూడగానే గుర్తుపట్టాడు. అది మా సారుదే అన్నాడు. షెడ్డు, ఐసు ఫ్యాక్టరీ, ఆ చెరువు, చేపల మేతకి తవుడు బస్తాలు మోసే ఆ పడవ, అన్నీ ఒకాయనవే. ఆయన కొడుకు మా పెద్దదాని క్లాసే. పడవా, పిల్లలందరికీ మధ్యాహ్నం భోజనం, అన్నీ ఆయనే ఉచితంగా ఇస్తున్నాడని బళ్ళో ఆయనకి సన్మానం కూడా చెయ్యబోతున్నారట.

గట్టు పక్కన లోతు సంగతి ఎత్తాను. అప్పుడు మా ఆయన ముద్ద చేతిలో పట్టుకునే నావైపు చూశాడు.

"లోతు నాకు తెలీదా? రోజూ ఆ గట్టు మీదే తిరుగుతాను."

"మరి మీరు చెప్పచ్చు కదండీ."

"ఎవరికి చెప్పను? ఆయన చెరువు లోతు ఆయనకి నేను చెప్పాలా?"

నిజానికి చిక్కంతా అక్కడే ఉంది. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళలో ఆ లోతు తెలియనివాడు ఎవడూ లేడు. గ్రూపులో నవ్విన దోనెల వంశం ఆయనకి తెలుసు, బకెట్టావిడకి తెలుసు, చెరువు యజమానికి తెలుసు. వాళ్ళకి అది తలలో కాదు, కాళ్ళలో ఉంటుంది. ఎక్కడ అడుగెయ్యాలో కాలే చూసుకుంటుంది కాబట్టి నోరెప్పుడూ చెప్పదు. చెప్పాల్సిన విషయమే కాదనుకుంటారు. తెలియని వాళ్ళు తెలియనట్టే గట్టు మీద నిలబడతారు.

మా ఆయన చెయ్యి కడుక్కుని ఉపాయం చెప్పాడు. శనివారంనాడు పిల్లకి జ్వరమని ఆపేయ్, అయిపోతుంది, మన పిల్ల మన ఇంట్లో ఉంటుంది. మా అత్తగారు గుమ్మంలోంచి దానికి వంతపాడారు. ఊళ్ళో వాళ్ళ పిల్లల్ని మోసే బాధ్యత నీకెవరిచ్చారమ్మా అన్నారు.

ఆ ఉపాయం నాకు నచ్చింది. ఒక పూటంతా నచ్చింది. కానీ పెద్దదాని పక్కన కూర్చునే పిల్లాడి ముఖం కళ్ళముందు ఆడుతూనే ఉంది. వాళ్ళ నాన్న బ్యాంకు ఉద్యోగం మీద తాడేపల్లిగూడెం నుంచి ఈ మధ్యే ఇక్కడికి బదిలీ అయ్యాడు. ఆ పిల్లాడికి ఈ చెరువులు కొత్త. గట్టు అంచున కూర్చుని కాళ్ళు వేలాడేసేది అలాంటి పిల్లలే.

సోమవారం బడికి వెళ్ళాను. టీచరు నన్ను చూడగానే ముఖం గంటు పెట్టుకుంది. గ్రూపులో నా రాతకి ఆమె కూడా నొచ్చుకుంది. ఎ సెక్షను పిల్లలకి ఏమైనా అయిందా మేడం అంది. నిజమే, ఏమీ కాలేదు. నేను కూడా అదే పడవ ఎక్కానండీ అంది. ఎక్కింది. ఎన్నో రోజులు కష్టపడి పక్షుల బొమ్మలు గీయించాను, పాఠాలు చెప్పించాను, ఇప్పుడు మీరొక్కరు వచ్చి చెడగొడుతున్నారు అంది. ఆ కష్టం నాకు తెలుసు. మా పెద్దది గూడబాతు ముక్కు కింద సంచి గురించి ఇంట్లో అద్దం ముందు నిలబడి చెప్పుకోవడం నేను చూస్తూనే ఉన్నాను.

"గట్టు దగ్గర లోతుండదు కదండీ" అంది ఆమె. "అందుకే కదా చిన్నవాళ్ళని గట్టు పక్కనే నిలబెట్టాను."

ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను, మట్టి ఎక్కణ్ణుంచి తవ్వుతారో, ఎందుకు తవ్వుతారో. ఆమె ముఖంలో రంగు మారింది. నోరు తెరిచి ఏదో అనబోయింది. అంతలో ప్రిన్సిపాల్ గారు లోపలికి రమ్మన్నారు. ఆమె ఆ మాట మింగేసింది. తర్వాత ఎప్పుడూ బయటికి తియ్యలేదు.

ప్రిన్సిపాల్ గారు ఎంతో నెమ్మదిగా మాట్లాడారు. మా వైపు కోపం వస్తే గొంతు తగ్గుతుంది, అండీలు పెరుగుతాయి. మీ అమ్మాయిని పంపడం పంపకపోవడం మీ ఇష్టమండీ, తప్పేమీ లేదండీ, ఆ రోజుకి యూకేజీ గదిలో కూర్చోబెడతామండీ, మిగతా పిల్లల మంచిచెడ్డలు వాళ్ళ తల్లిదండ్రులు చూసుకుంటారండీ, చదువుకున్న తల్లి పిల్లలకి ధైర్యం నేర్పాలి కదండీ. లైఫ్ జాకెట్ల సంగతి అడిగాను. ఈసారికి సర్దుకుపోదామండీ అన్నారు. కనీసం పిల్లలు ఎక్కేచోటు మార్చమన్నాను. అది ఇచ్చేవారి ఇష్టం, దానంగా ఇచ్చే ఆవు పళ్ళు లెక్కపెట్టకూడదండీ అన్నారు, నవ్వుతూ.

ఇంటికి వచ్చేసరికి ఆ ఇచ్చేవారి భార్య ఫోను. ఆవిడతో అదే నా మొదటి సంభాషణ. గొంతు తేనెలా ఉంది.

"ఏవండీ, బాగున్నారా? పిల్లలు బాగున్నారా? మీ ఆయనగారు మా దగ్గరే కదండీ పని. మా మనిషే అనుకుంటాం ఎప్పుడూ." కాసేపు అలా నడిపించింది. తర్వాత అంది: "మీకు మా చెరువు మీద ఏదో అనుమానం వచ్చిందటగా. మా దగ్గర దాపరికాలేమీ లేవండీ. అడిగితే కాఫీ ఇచ్చి మరీ చూపిస్తాం కదా. గ్రూపులో పెట్టడమెందుకు?"

అనుమానం కాదండీ, లోతు గురించి అడిగాను అన్నాను. మీ అబ్బాయి కూడా అదే పడవ ఎక్కుతాడు కదా, మీకు భయం లేదా అన్నాను.

"మావాడికి గట్టు దగ్గర ఎక్కడ కాలెయ్యాలో తెలుసండీ."

"మరి తెలియని పిల్లలకి?"

"వాళ్ళ అమ్మలు చెప్పుకోవాలండీ" అంది. ఆ మాటలో తేనె అలాగే ఉంది.

ఆవిడ తెలియక అన్న మాట కాదది. తెలిసే అంది. అంతవరకు ఎక్కడో మూలన మిగిలి ఉన్న మొహమాటం ఆ మాటతో పోయింది. సరే, వాళ్ళ అమ్మలకి నేనే చెబుతాను అనుకున్నాను.

స్కూటీ తీసుకుని చెరువు మీదికి వెళ్ళాను. రోడ్డు పొడుగునా ఐసు కారుతూ చేపల లారీలు. గట్టెక్కితే ఎటు చూసినా చెరువులే. ఒకప్పుడు కొల్లేరు అనేది ఎక్కడ మొదలయ్యేదో ఇప్పుడు చెప్పడం కష్టం. కాపలా మనిషి గట్టు మీది చిన్న షెడ్డు ముందు కూర్చుని ఉన్నాడు. సూపర్వైజరు భార్యనని గుర్తుపట్టి లేచాడు. గెడ ఒకసారి ఇస్తావా అని అడిగాను. ఇవ్వడానికి అతనికి ఇష్టం లేదు. ఎందుకమ్మా మా పొట్ట మీద కొడతారు, సారుకి తెలిస్తే నన్ను కదా అంటారు అన్నాడు. నువ్వివ్వలేదు, నేనే తీసుకున్నానని చెబుతాలే అని షెడ్డుకి ఆనించిన గెడ తీసుకున్నాను. అతను అటు తిరిగి నిలబడ్డాడు. చూడకపోతే తెలియనట్టే లెక్క.

వీడియోలో చూసిన చోటు వెతికి పట్టుకున్నాను. పిల్లలు కూర్చున్న జాగాలో గడ్డి ఇంకా నలిగే ఉంది. బిస్కెట్టు కాగితం ఒకటి మట్టిలో కూరుకుపోయి ఉంది. చెప్పులు విప్పి, ఒక చేత్తో కొబ్బరి మొక్క పట్టుకుని, ఫోను గట్టు మీద ఇటుకకి ఆనించి వీడియో ఆన్ చేసి, రెండో చేత్తో గెడ నీళ్ళలోకి దించాను. గెడ నాకంటే పొడుగు. దిగుతూనే ఉంది. నా పిడికిలి నీళ్ళకి తగిలేదాకా దిగింది. ఎడంగా ఇంకో చోట దించాను, అలాగే దిగింది. ఆ వైపు ఎక్కడా అడుగు తగల్లేదు.

మాట్లాడినది కొంచెమే. ఇది శనివారం మన పిల్లలు పడవ ఎక్కే చోటు. ఒడ్డు పక్కన ఇంత లోతుంది. ఇక్కడ ఎవరినీ నిలబెట్టకండి. మీ పిల్లలకి చెప్పండి. అంతే. ఎవరి చెరువో అనలేదు. అక్కడే నిలబడి గ్రూపులో పెట్టేశాను. ఇంటికి వెళ్ళాక పెడదామనుకుంటే పెట్టేదాన్ని కానేమో.

అందరూ చూశారు. దోనెల వంశం ఆయనకి మాట లేదు, బకెట్టావిడకి జోకు లేదు. బ్యాంకాయన భార్య ఒక్కతె నాకు విడిగా రాసింది. మాకు ఈ సంగతి తెలియదండీ, మా బాబుని పంపం, కానీ దయచేసి గ్రూపులో నా పేరు ఎత్తకండి అని. ఎత్తలేదు.

చివరికి చెరువు యజమాని గొంతు వచ్చింది, వాయిస్ మెసేజీలో. ఇంట్లో వాళ్ళకి చెప్పకుండా, మమ్మల్ని అడక్కుండా ఒక ఆడకూతురు ఒంటరిగా మా గట్టెక్కి వీడియోలు తీసుకుంటుంటే, కాలుజారి పడితే బాధ్యత ఎవరిదండీ అన్నాడు. కాలుజారి పడితే అన్న మాట ఆయన నోటినుంచే వచ్చింది. పెద్దవాళ్ళు జారేచోట పిల్లలు జారరా అని గ్రూపులో ఒక్కరైనా అడుగుతారని చూశాను. అందరూ ఆయనకే దండాలు పెట్టారు. క్షమించండి సార్, మీలాంటి పెద్ద మనసుకి ఇలా జరగడం బాధాకరం అని రాశారు.

సాయంత్రం మా ఆయన ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే వసారాలో కూర్చున్నాడు. సారు షెడ్డులో అందరి ముందూ అన్నాడట: "ఏమయ్యా, మీ ఇంట్లో ఆవిడ కొలిచి చెబితేగాని మా చెరువు లోతు మాకు తెలీదన్నమాట." అందరూ నవ్వారట. మా ఆయన కూడా నవ్వాల్సి వచ్చిందట. ఆ నవ్వు నవ్వించినందుకు నన్ను క్షమించనన్నాడు. గెడ సంగతి ఎత్తలేదు. నువ్వన్నది అబద్ధమని కూడా అనలేదు. అదే ఎక్కువ కోపం తెప్పించింది నాకు. లోతు నిజమేనని ఒప్పుకుంటూనే, దాన్ని చెప్పినందుకు శిక్షిస్తున్నాడు.

గురువారం బడినుంచి కబురు వచ్చింది. కొందరు తల్లిదండ్రుల అభ్యంతరం వల్ల బి సెక్షను కొల్లేరు విహారం రద్దు చేస్తున్నాం. శనివారం యథావిధిగా తరగతులు జరుగుతాయి. "కొందరు" అన్నారు. ఆ కొందరంటే నేనొక్కదాన్నే అని అందరికీ తెలుసు. లోతు గురించి ఒక్క ముక్క లేదు. ఇంకోసారి ఎవరైనా ఎక్కడైనా ఇలా నిలబెడితే ఏం చెయ్యాలో కూడా లేదు.

ఆ తర్వాత గ్రూపు చప్పబడిపోయింది. పాఠాల్లేవు, హోంవర్కు లేదు, పుట్టినరోజు కేకులు లేవు. సెల్ టవరు దగ్గరేమైనా తేడా ఉందేమో అనుకున్నాను. శుక్రవారం సాయంత్రం దాకా అలాగే అనుకున్నాను.

పెద్దది బస్సు దిగి, సంచి గుమ్మంలో పడేసి, నావైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. చిన్నది యూకేజీ, అది నోరు ఆపుకోలేదు. అక్క క్లాసులో అందరూ అట్టముక్కలూ రంగు కాగితాలూ తెచ్చారట, పక్షుల గూళ్ళు కట్టారట, అక్క ఒక్కతే ఉత్త చేతులతో కూర్చుందట. నాకప్పుడు అర్థమైంది. కొత్త గ్రూపు పెట్టుకున్నారు. అందరూ అందులోకి మారారు, నన్ను తప్ప. పాత గ్రూపులో మిగిలింది నేనూ, నా గెడ వీడియో.

పెద్దదాని పక్కన కూర్చున్నాను. మంచం అవతలి అంచుకి జరిగింది. కాసేపటికి గోడవైపు తిరిగే చెప్పింది. సారు కొడుకు క్లాసులో మీ అమ్మ పిరికిది అన్నాడట. మీ అమ్మవల్లే అందరికీ ట్రిప్పు పోయింది అన్నాడట. మధ్యాహ్నం అన్నం దగ్గర ఎవరూ పక్కన కూర్చోలేదట. పక్క సీటు పిల్లాడు కూడా వేరే బెంచీకి వెళ్ళిపోయాడట. ఏ పిల్లాడి కోసం నేను గట్టెక్కానో వాడే. వాడికేం తెలుసు? వాళ్ళమ్మ వాడికి కూడా చెప్పి ఉండదు.

"ఎవరడిగారమ్మా నిన్ను?" అంది పెద్దది. "నేను ఎక్కేదాన్ని. నాకు నువ్వు చెప్పావుగా గట్టు దగ్గర దిగొద్దని. నేను పడేదాన్ని కాదు."

చెరువావిడ అన్న మాటే. మావాడికి తెలుసండీ. అదే మాట నా కూతురి నోట, అంతే కోపంగా. దాన్ని తిట్టాలనిపించలేదు. దాని వయసుకి అలా అనుకోవడం తప్పు కాదు. పెద్దవాళ్ళు అలా అనుకోవడమే నాకు మింగుడుపడటం లేదు, ఇవాళ్టికీ.

ఇదంతా ఇప్పుడు పిల్లలు పడుకున్నాక రాస్తున్నాను. నేను చేసినదాన్ని ఎవరూ మెచ్చుకోలేదు, మెచ్చుకుంటారని కూడా అనుకోను. ఆ పడవ ఈసారి ఎవరినీ మోసుకెళ్ళలేదు, అంతవరకు నిజం. పైఏడు ఏం చేస్తారో నాకు తెలియదు. టీచరు గేటు దగ్గర కనపడితే తల తిప్పుకుంటుంది. ఆమె తన తప్పు తెలుసుకుందనే నేననుకుంటాను, కానీ ఒప్పుకునే ధైర్యం ఆమెకి ఎవరూ ఇవ్వరు. మా ఆయన అవసరమైనవి మాత్రం మాట్లాడుతున్నాడు. కారం అందుకో, తలుపు వెయ్యి, అంతవరకు.

ఆ శనివారం పొద్దున పిల్లలిద్దరికీ జడలు వేస్తూ చెప్పాను. పెద్దది బడికి వెళ్ళనని మొండికేసింది. వెళ్ళాలి అన్నాను. ఎవరైనా మీ అమ్మవల్లే ఆగిపోయింది అంటే అవునను, మా అమ్మే ఆపింది అను. తల దించకు, దెబ్బలాడకు, ఏడవకు. మా అమ్మ పిరికిది అంటే అది కూడా అవునను. నామీద నీకు కోపముంటే ఉండనీ, ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు, నేనేమీ అనను. చిన్నదానికి చెప్పాను, నీళ్ళ పక్కన నిలబడమని టీచరు చెప్పినా, నాన్న చెప్పినా, ఇంకెవరు చెప్పినా నిలబడకు, ముందు నన్నడగాలి అను. అది సరేనంది. దానికేమీ అర్థం కాలేదు.

పెద్దది అద్దంలోంచి నావైపు చూసింది. "మరి ఇకనుంచి ఏం తేవాలో నీకెవరు చెబుతారు?" అని అడిగింది.

రోజూ సాయంత్రం గేటు దగ్గరికి నేనే వస్తానే అన్నాను. టీచర్ని అడుగుతాను. చెప్పకపోతే చెప్పేదాకా అక్కడే నిలబడతాను.